దేశమంతా చూసొచ్చినాయన

ఆయనకు నలభై తొమ్మిదేళ్లు. ఆ నలభై తొమ్మిదేళ్లూ ఈ ఊళ్లోనే గడిచాయి. అయినా వీధిలో ఎవరినడిగినా ఆయన్ని ‘చూసొచ్చినాయన’ అంటారు. ఏం చూశాడు, ఎప్పుడు వెళ్లాడు, ఎట్లా వచ్చాడు అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. మన జనంలో ఇదో జబ్బు. గట్టిగా చెప్పినవాడి మాటకు తలూపుతారు, మెల్లగా చెప్పినవాణ్ణి సాక్ష్యం తెమ్మంటారు.

ఆయన ఉద్యోగం ఒక యాత్రల కంపెనీలో. కంపెనీకి నాలుగు బస్సులు, ఒక ఆఫీసు, ఆ ఆఫీసులో మెట్ల కింద ఒక బల్ల. ఆ బల్ల దగ్గర కూర్చుని ఆయన దేశాన్ని వర్ణిస్తాడు. కంపెనీ కరపత్రాల్లో జలపాతం ‘పాలకుండ ఒలికినట్టు’ దూకుతుంది. కోట గోడల మీద ‘చరిత్ర నిద్రపోతూ’ ఉంటుంది. ఎడారి ఇసుక ‘పాదాల కింద పాట’ పాడుతుంది. ఇవన్నీ గోడ మీద కాలెండరు బొమ్మలు చూసి రాశాడు. కాలెండరులో పూలగుత్తి వచ్చిన నెలలో ఫ్యాను వంక చూసి రాశాడు.

నిజంగా దేశం చూసినవాడు ఆ కంపెనీలో ఒకడున్నాడు. పెద్ద డ్రైవరు. ఇరవై నాలుగేళ్లుగా ఏ మూల ఏ గుంట ఉందో నడుముతో చెప్పగలడు. ఆయన్ని ఎవరూ ఒక్క ముక్క రాయమనలేదు. తిరిగినవాడి చేతికి స్టీరింగు, కూర్చున్నవాడి చేతికి కలం. లోకం ఇట్లా ఏడిస్తే కోటలో చరిత్ర నిద్రపోక ఏం చేస్తుంది?

మన చూసొచ్చినాయనకు బస్సు పడదు. అదీ అసలు సంగతి. మొదటి మలుపులో చెమటలు, రెండో మలుపులో కళ్లు తేలేయడం, మూడో మలుపులో కడుపులో ఉన్నదంతా పక్కవాడి ఒళ్లో. అందుకే ఆఫీసుకు సైకిలు మీద వెళ్తాడు. అడిగినవాళ్లకు ఆరోగ్యం కోసం అంటాడు.

పడకపోతే పడలేదు, నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. పెళ్లిచూపుల్లో కాబోయే మామగారు, “లోకం ఏమైనా చూశావా బాబూ?” అన్నాడు. “దేశమంతా చూసేశానండి” అన్నాడు ఇతను. తలుపు వెనక పెళ్లికూతురు ఆ మాట విని తలూపింది. ఆ పిల్లకు చిన్నప్పటినుంచీ సముద్రం చూడాలని ఉంది. దారి తెలిసినవాడు దొరికాడు, ఇంకేం కావాలి అనుకుంది.

ఇరవై రెండేళ్లయింది. ఇల్లాలు సముద్రం వైపు ఒక్క అడుగు వేయలేదు.

“ఏమండీ, ఈ ఏడైనా సముద్రం చూపిస్తారా?”

“చూసేశాగా.”

“మీరు చూశారు. నేను చూళ్లేదు.”

“ఆలుమగలన్నాక ఇద్దరూ ఒకటే. నేను చూస్తే నువ్వు చూసినట్టే.”

“అయితే ఇవాళ భోజనం నేను చేస్తా. మీకు కడుపు నిండిందేమో చూసుకోండి.”

“అది వేరు.”

“ఎట్లా వేరు?”

“సముద్రమంటే ఏముంది, నీళ్లు. మేడ మీద ట్యాంకు పొంగినప్పుడు చూస్తున్నావుగా. అదే, కాస్త పెద్దది.”

ఏటా ఇదే. ట్యాంకు పొంగినప్పుడల్లా ఆవిడ మేడెక్కి మోటారు కట్టేసి, తడిసిన కాళ్లతో దిగొచ్చేది.

ఇట్లా సాగుతున్న కాపురంలో కంపెనీకి పాతికేళ్లు నిండాయి.

కంపెనీ యజమానికి సిబ్బంది పెట్టిన పేరు స్టెప్నీ. బస్సుకు స్టెప్నీ టైరు వెనక ఉంటుంది, ఈయనకు పొట్టై ముందు ఉంటుంది, అంతే తేడా. ఆయన అందర్నీ నిలబెట్టి, ఉద్యోగంలో ఇరవై ఏళ్లు దాటిన ప్రతివాళ్లకీ పన్నెండు రోజుల దేశయాత్రలో రెండు సీట్లు ఊరికే ఇస్తున్నానని ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. తీరా చూస్తే ఇరవై ఏళ్లు దాటినవాళ్లు ఇద్దరే. ఒకడు పెద్ద డ్రైవరు. ఆయన్ని సీట్లో కూర్చోబెడితే బస్సు తోలేదెవరు? మిగిలింది మన చూసొచ్చినాయన. యజమానుల దానగుణం ఎప్పుడూ ఇట్లా ఆచితూచే ఉంటుంది.

ఈ సంగతి ఇంట్లో చెప్పకూడదని ఆయన దారిపొడుగునా సైకిలు తొక్కుతూ ఒట్టు పెట్టుకున్నాడు. ఇంటికొచ్చేసరికి మంచం మీద సూట్‌కేసు ఉంది. మూత తీసి ఉంది. లోపల ఆవిడ బట్టలు సగం సర్ది ఉన్నాయి.

“నీకెవరు చెప్పారు?”

“వెనక వాటా అన్నయ్యగారు.”

పెద్ద డ్రైవరు కాపురం వీళ్ల ఇంటి వెనక వాటాలోనే. ఆ సంగతి మర్చిపోయి ఒట్టు పెట్టుకున్నాడు పాపం.

“ఎన్ని లుంగీలు పెట్టమంటారు?” అంది ఆవిడ.

“తొందరెందుకు? ఆలోచిద్దాం.”

“ఇరవై రెండేళ్లు ఆలోచించారు. ఇంక బట్టలు పెట్టే పని నాది. అన్నట్టు, వీధిలో అందరికీ చెప్పాను. మావారు పక్కనుంటే నాకు వేరే గైడు అక్కర్లేదని.”

ఆయన మంచం కోడు పట్టుకుని కూలబడ్డాడు. బస్సు ఎక్కితే మూడో మలుపులో ఇరవై రెండేళ్ల పరువు నోట్లోంచి బయటపడుతుంది. ఎక్కనంటే ఎందుకో చెప్పాలి. అబద్ధంతో గట్టెక్కడం అలవాటైనవాడికి ఇరుకున పడ్డప్పుడు నిజం గుర్తురాదు. ఇంకో అబద్ధమే గుర్తొస్తుంది. దానికో ఉపాయం అని పేరు కూడా పెట్టుకుంటాడు.

ఆయన ఉపాయం ఇది. వద్దని తను అనకూడదు, ఆవిడ చేతనే అనిపించాలి. నోటితో చెబితే ఆవిడ వాదిస్తుంది. అదే అచ్చులో ఉంటే నమ్ముతుంది. మందుసీసా మీద చీటీ దగ్గర్నుంచి అగ్గిపెట్టె మీద రాత దాకా అన్నీ చదివే మనిషి.

మర్నాడు భోజనాల వేళ ఆయన ప్రెస్సుకు వెళ్లాడు. కంపెనీ కరపత్రాలు వేసే ప్రెస్సాయన్ని అందరూ అచ్చుమామ అంటారు. గోళ్లలో ముప్పై ఏళ్ల సిరా ఉంటుంది.

“మామా, ఈ ఏటి యాత్ర కరపత్రం ఒక్కటంటే ఒక్క కాపీ వేరే రకంగా వేసిపెట్టాలి.”

“ఒక్క కాపీకి మిషను ఎక్కించేదెవడు?”

“ప్రూఫు అనుకో.”

“తప్పులు తీసేయడానికి ప్రూఫు తీస్తారయ్యా. ఇది చూస్తే తప్పులు పెట్టడానికి తీయిస్తున్నట్టుంది” అన్నాడు అచ్చుమామ, చేతిలో పడ్డ కాగితాలు చదువుతూ.

అందులో తప్పేముంది? ఒప్పు ఉంటేగా. ‘జలపాతం: ఏడాదిలో పదకొండు నెలలు ఎండి ఉండును. పన్నెండో నెల గేటు మూసి ఉండును. గుహలు: లోపల పులులు, బయట దొంగలు. కోట: పట్టపగలే దయ్యాలు. ఎడారి: చెప్పులు లేనివారి కోసం పాములు ఇసుకలో కాచుకుని ఉండును. మంచుకొండ: ముక్కులు ఊడును. ఊడిన ముక్కులకు కంపెనీ బాధ్యత వహించదు. సముద్రం: ఒడ్డున మొసళ్లు. ఆడవారిని ముందు పట్టును.’

ఉద్యోగంలో చేరాక ఆయన ఇంత హుషారుగా ఏదీ రాయలేదు. మెచ్చుకుంటూ రాయడం ఏమంత కష్టం కాదు గానీ, కడుపు భయంతో రాసినప్పుడు వచ్చే పదును వేరు.

ఆదివారం పొద్దున ఆవిడ వంటింట్లో కత్తిపీట ముందేసుకుని కూరలు తరుగుతుంటే, ఆయన వెళ్లి ఆ కరపత్రం పక్కన పడేశాడు. పడేసి, నిట్టూర్చాడు.

“ఏమిటది?”

“కొత్తది. ఇన్నాళ్లూ స్టెప్నీ మాట కాదనలేక లేనిపోని అందాలు రాశాను. ఈసారి మనసొప్పలేదు. ఉన్నదున్నట్టు రాసేశాను.”

ఆవిడ చేతులు తుడుచుకుని చదవడం మొదలెట్టింది. ఆయన గుమ్మానికి ఆనుకుని ఆవిడ మొహం చదవడం మొదలెట్టాడు.

“మొసళ్లు ఉప్పునీళ్లలో ఉంటాయా?”

“ఈ సముద్రంలో ఉంటాయి.”

“ఆడామగా ఎట్లా పోల్చుకుంటాయి?”

“జడను బట్టి.”

“మీరు వెళ్లినప్పుడు చూశారా?”

“ఒకటి నా పక్కనే వచ్చి పడుకుంది. దాన్ని లేపడం ఎందుకని నేనే సర్దుకుని లేచొచ్చాను.”

“మంచిపని చేశారు. మరి గుహల్లో పులులూ దొంగలూ ఎదురుపడరా?”

“వేళలు వేరు.”

ఆవిడ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, చివరి పేజీలో ప్రెస్సు పేరూ చిరునామా ఉండే చిన్న అక్షరాల దాకా చదివింది. అక్కడ ఒక్క క్షణం ఆగింది. మడతపెట్టి పంచదార డబ్బా కింద పెట్టింది.

“సరే అయితే. ఇన్ని గండాలుంటే ఎందుకు?” అంది.

సూట్‌కేసు అటకెక్కింది. ఆ మధ్యాహ్నం ఆయన గురక వీధి మలుపు దాకా వినిపించింది.

సాయంత్రం లేచి చూస్తే ఆవిడ వెనక వాటా గడప మీద కూర్చుని ఉంది. చేతిలో ఎర్ర పెన్ను, ఒళ్లో ఏవో కాగితాలు. ఎదురుగా పెద్ద డ్రైవరు చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. ఆడవాళ్ల కబుర్లు, మనకెందుకు అనుకుని ఆయన లోపలికొచ్చేశాడు. ఆ ఇద్దరిలో ఒకరికి బారెడు మీసాలున్నాయన్న సంగతి ఆయన బుర్రకు తట్టలేదు.

పదిరోజులు హాయిగా గడిచాయి. ప్రెస్సు నుంచి కరపత్రాల కట్టలు వచ్చాయి, ఊరంతా పంచారు. ఆయన విప్పి చూడనైనా లేదు. తను రాసింది తనే చదివే ఓపిక ఆయనకు ఏనాడూ లేదు.

పదకొండోనాడు ఆఫీసుకు వెళ్లేసరికి మెట్ల మీద జనం. మూడు ఫోన్లూ మోగుతున్నాయి. స్టెప్నీ తన గదిలోంచి పొట్ట ముందు, తను వెనకగా వచ్చాడు.

“ఏమయ్యా, ఇది నువ్వు రాసిందేనా?”

ఆయన కరపత్రం అందుకున్నాడు. ‘జలపాతం: వేసవిలో నీళ్లుండవు’ అని కనబడింది. అచ్చుమామ కొంప ముంచాడు. ఒక్క కాపీ వేయమంటే ఐదువేలూ అదే వేశాడు. ఉద్యోగం పోయింది, ఇంట్లో పరువు పోయింది అనుకుంటూ కిందికి చదివాడు.

చదివేకొద్దీ మతి పోయింది. పులుల్లేవు. దొంగల్లేరు. ఆయన కష్టపడి పెంచిన మొసలి ఒక్కటీ లేదు.

‘జలపాతం: వేసవిలో నీళ్లుండవు. అప్పుడు తీసుకెళ్తే కంపెనీని తిట్టండి. గుహలు: గబ్బిలాల వాసన భరించలేం. ముక్కుకు గుడ్డ కట్టుకుని లోపలికెళ్లి గోడల మీద బొమ్మలు చూడండి, వాసన మర్చిపోతారు. కోట: మెట్లు ఆరువందల పన్నెండు. సగంలో ఒక బండ ఉంది. దాని మీద కూర్చుని ఆలోచించుకోండి. వెనక్కి దిగొస్తే ఎవరూ నవ్వరు. కోతులు కళ్లజోళ్లు లాక్కుంటాయి. ఆడవాళ్ల మరుగుదొడ్డికి గడియ లేదు, ఇద్దరిద్దరు వెళ్లండి. సముద్రం: దీపస్తంభం ఎక్కాలంటే మోకాళ్లు బాగుండాలి. బాగోకపోతే కిందే కూర్చోండి. సముద్రం కూడా కిందే ఉంది.’

“నేనేనండి” అన్నాడు ఆయన. ఇంకొకడు రాశాడంటే, అసలు తను ఏం రాశాడో చెప్పాల్సి వస్తుంది మరి.

“నా కంపెనీ కాగితం మీద నన్నే తిట్టమని రాస్తావా?” అని స్టెప్నీ ఇంకా ఏదో అనబోయాడు. ఇంతలో ఫోను మోగింది. ఆయన స్పీకరు నొక్కాడు.

అవతల ఒక ముసలి గొంతు. “నేను తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. ఇరవై ఏళ్లుగా కరపత్రాలు చదువుతున్నాను. నా మోకాళ్ల గురించి ఆలోచించిన మొదటి కంపెనీ మీదే. నాకూ మా ఆవిడకూ రెండు సీట్లు. ఒక్క అనుమానం. ఆరువందల పన్నెండు మెట్లని అంత కచ్చితంగా ఎట్లా లెక్కపెట్టారు?”

స్టెప్నీ ఫోను ఇటు జరిపాడు.

“ఎక్కుతూ మూడువందల ఆరు, దిగుతూ మూడువందల ఆరండి” అన్నాడు మన చూసొచ్చినాయన.

అవతల కాగితం మీద పెన్ను గీకుతున్న చప్పుడు వినిపించింది. ఇవతల స్టెప్నీ కూడా వేళ్లు మడిచి చూసుకున్నాడు.

“సరే, నేనొచ్చి లెక్కపెడతాను” అని ఇన్‌స్పెక్టరు పెట్టేశాడు.

“విన్నావా?” అన్నాడు స్టెప్నీ. “ఉదయం నుంచి ఇదే వరస. మూడు బస్సులు నిండాయి. తిట్టమన్నావని చదివి నాకు ఒళ్లు మండింది గానీ, జనానికి అదే నచ్చిందట. అందరిదీ ఒకటే కోరిక. ఇది రాసినాయన మాతో రావాలి అని. కాబట్టి మొదటి బస్సులో ముందు సీటు నీది. మైకు నీ చేతిలో. పన్నెండు రోజులు. దిగిన మర్నాడు రెండో బస్సు.”

“ఆ తర్వాతండీ?”

“మూడోది.”

“నేను రాకపోతే?”

“రాసినవాడు రాకపోతే రాసింది అబద్ధమనుకుంటారు. అబద్ధాలు రాసేవాడు నా కంపెనీలో ఎందుకు?” అన్నాడు స్టెప్నీ. ఇరవై మూడేళ్లుగా ఆ పనికే జీతమిస్తున్న మనిషి, కనురెప్ప కొట్టకుండా అన్నాడు.

ఆయన సైకిలు తీసుకుని తిన్నగా ప్రెస్సుకు వెళ్లాడు.

“ఏం వేశావు మామా? ఎవరు వేయమన్నారు?”

“మీ ఆవిడే. నువ్వు పంపావని దిద్దుబాటు తెచ్చింది. ఎర్రసిరాతో ఎంత చక్కగా దిద్దిందనుకున్నావు. నీ పులులన్నీ కొట్టేసింది.”

“ఆవిడకెట్లా తెలిసింది?”

అచ్చుమామ తల గోక్కున్నాడు. “నా అలవాటే కొంప ముంచిందేమో. ఏది వేసినా చివర ప్రెస్సు పేరు కింద ప్రతులెన్నో వేయకుండా ఉండలేను. నీ దాని కింద కూడా ‘ప్రతులు: 1’ అని వేశాను. ఆవిడ ఆ ఒకటి కొట్టేసి ఐదువేలు అని రాసుకొచ్చింది. అసలు దానికి బదులు ఇదే వేయాలేమో అనుకుని వేసేశాను.”

ఇంటికెళ్లేసరికి సూట్‌కేసు అటక దిగి ఉంది. ఆవిడ మంచం మీద కూర్చుని బట్టలు మడత పెడుతోంది.

“ఇదంతా నువ్వే చేశావా?”

“ఊరందరికీ పంచేది ఒక్క కాపీ ఎందుకు వేస్తారండీ? ఒక్కటే వేశారంటే చదివేది ఒక్కరే. ఆ ఒక్కరూ నేనే. నా ఒక్కదానికోసం ప్రెస్సు తిప్పించారు, సముద్రం తప్పించడానికి.”

“నా పులులు తీసేశావు.”

“అన్నయ్యగారు పులుల్లేవన్నారు. గబ్బిలాలున్నాయన్నారు. ఆయనకు తెలిసినవన్నీ ఒక్కరోజులో చెప్పలేదులెండి, మూడు సాయంత్రాలు పట్టింది. ఇరవై నాలుగేళ్లలో నన్నెవరైనా అడగడం ఇదే మొదలు చెల్లెమ్మా అన్నారు.”

ఆయన గొంతు తగ్గించాడు. “ఆ మనిషి ఏమైనా అన్నాడా, నా గురించి?”

“ఆయన అనక్కర్లేదు. మన పెళ్లయిన మూడోనాడు సిటీ బస్సులో ఊరి ఆ చివరున్న మా ఇంటికి వెళ్లాం. అరగంట దారి. మూడో మలుపులో మా తమ్ముడి ఒళ్లో ఏం చేశారో గుర్తుందా?”

“ఆ రోజు తిన్నది పడలేదు.”

“ఆ రోజే తెలిసింది నాకు, ఈయన చూసొచ్చిన దేశమంతా మా తమ్ముడి చొక్కానే అని.”

ఆయనకు చెప్పుల వంక చూడాలనిపించింది. చూశాడు.

“తెలిసి ఇన్నేళ్లు ఎందుకూరుకున్నావు?”

“ఊరుకోలేదు. ఏటా అడిగాను. ‘నాకు బస్సు పడదే’ అని ఒక్క ముక్క అంటే చాలు, మా తమ్ముడితో వెళ్లొచ్చేదాన్ని. మీరేమో చూశానంటారు. మొగుడు దేశమంతా చూసినవాడు, పెళ్లాం తమ్ముణ్ణి తోడు తీసుకుని వెళ్లిందంటే వీధిలో మీ మొహం ఎక్కడ పెట్టుకుంటారు? మీ పరువు కోసం నేను సముద్రం మానుకున్నాను. మీరు నా సముద్రంలో మొసళ్లు వదిలారు.”

ఇట్లాంటి మాటకు మగాళ్లు మామూలుగా జవాబు ఉన్నట్టు నటిస్తారు. ఆయన నటించలేదు. అందుకు మాత్రం మెచ్చుకోవాలి.

“ఇప్పుడు నన్నేం చేయమంటావు?”

“సీట్లు రెండున్నాయి. ఒకటి నాది. రెండో దాంట్లో కూర్చుంటారో కూర్చోరో మీ ఇష్టం.”

యాత్ర రోజు పొద్దున్నే ఆఫీసు ముందు బస్సుకు రంగు కాగితాలు కట్టారు. ఊరి పొలిమేర దాకా తనూ వచ్చి సాగనంపుతానని స్టెప్నీ కొత్త చొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. పక్కన మన చూసొచ్చినాయన, చేతిలో మైకు. వెనక సీట్లో కిటికీ పక్కన ఇల్లాలు. స్టీరింగు దగ్గర పెద్ద డ్రైవరు. నలభై మంది చప్పట్లు కొట్టారు.

“బావగారూ, పోనివ్వమంటారా?” అన్నాడు డ్రైవరు.

బస్సు కదిలింది.

“అందరికీ నమస్కారం” అన్నాడు చూసొచ్చినాయన. మొదటి మలుపు వచ్చింది. నుదుట చెమట పట్టింది.

“మనమిప్పుడు” అన్నాడు. రెండో మలుపు వచ్చింది. మనమిప్పుడు ఏమిటో ఎవరికీ తెలియలేదు.

మూడో మలుపులో డ్రైవరు ఎంత మెల్లగా తిప్పినా లాభం లేకపోయింది. కంపెనీ పాతికేళ్ల పండగంతా స్టెప్నీ కొత్త చొక్కా మీద జరిగింది.

బస్సు ఆగింది. ఎవరో నీళ్లిచ్చారు. మూడో వరసలోంచి ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు.

“ఏమయ్యా, కూరగాయల మార్కెట్టు దాటలేదు. నువ్వు దేశమంతా ఎట్లా చూశావు?”

బస్సంతా చెవులు రిక్కించింది. ఇవాళే ఒంట్లో బాగాలేదనొచ్చు. తిన్నది పడలేదనొచ్చు. రెండు మాటలూ నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. ఆయన వెనక్కి చూశాడు. ఆవిడ సాయం చేయలేదు. కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆయన అబద్ధమాడితే తను మళ్లీ మాట కలపాలేమో అన్నట్టు పెదవులు బిగబట్టి ఉంది.

మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

“నేనేం చూళ్లేదండి” అన్నాడు. మైకులోంచి వచ్చేసరికి ఆ మాట మార్కెట్టు దాకా వినబడింది. “కాలెండరు చూసి రాసేవాణ్ణి. మీ చేతుల్లో ఉన్నది నేను రాయలేదు. రాసింది మా ఆవిడ. చెప్పింది ఈ డ్రైవరుగారు. నేను ఈ ఊరు దాటి ఎరగను.”

ఆవిడ కిటికీ నుంచి మొహం తిప్పింది. లేచి వచ్చి ఆయన చేతిలోంచి మైకు తీసుకుంది.

“మీరింక దిగి ఇంటికెళ్లండి. గంజి కాచుకుని తాగండి, కారం తినకండి” అంది. అది కూడా మైకులోనే వినబడింది. బస్సంతా నవ్వింది. ఆవిడ ముందు సీటు నీళ్లతో తుడిచి, కాగితం పరిచి, కూర్చుంది.

చూసొచ్చినాయన దిగాడు. స్టెప్నీ కూడా దిగాడు, ఆ చొక్కాతో ఎక్కడికి వెళ్తాడు? ఇద్దరూ ఊళ్లోకి నడిచారు, మధ్య మూడు గజాల ఎడం ఉంచుకుని.

“రేపట్నుంచి నువ్వేం రాయకు” అన్నాడు స్టెప్నీ, గాలి వాలు చూసుకుని.

“ఉద్యోగం పోయినట్టేనా అండీ?”

“ఆవిడ ఫోన్లో చెబుతుంది, నువ్వు దించుకో. ఒక్క ముక్క సొంతంగా కలిపావంటే ఈ చొక్కా నీ చేత ఉతికిస్తా.”

ఆ రోజునుంచి మధ్యాహ్నం మూడింటికి మెట్ల కింద బల్ల మీద ఫోను మోగేది. జలపాతం దగ్గర రెయిలింగు ఊగుతోందని ఆవిడ చెప్పింది, ఆయన రాసుకున్నాడు. కోట మెట్లు ఆరువందల పదకొండే ఉన్నాయని ఇన్‌స్పెక్టరు పట్టుబడుతున్నాడని, రేపు మళ్లీ ఎక్కుతానంటున్నాడని చెప్పింది. అదీ రాసుకున్నాడు.

తొమ్మిదో రోజు ఫోను వచ్చేసరికి ఆయన ఎదురుగా ఒక మొగుడూ పెళ్లాం కూర్చుని ఉన్నారు. గంటసేపట్నుంచి కొండకు పోదామని మొగుడు, సముద్రానికి పోదామని పెళ్లాం. ఇద్దరూ తేల్చుకోలేక ఈయన మొహం చూస్తున్నారు.

“రాసుకోండి” అంది ఇల్లాలు ఫోన్లో. “ఇసుక కాలుతోంది. చెప్పులు విప్పొద్దు. నీడ తక్కువ. కూర్చోడానికి నాలుగు బల్లలున్నాయి, రెండు విరిగాయి.”

ఆయన రాశాడు. రాసి, బల్లల ముందు ‘అందమైన’ అని చేర్చాడు. చెయ్యి దానంతటదే వెళ్లింది.

“ఏం కలిపారు?”

“ఏం లేదే.”

“కలిపారు. కొట్టేయండి.”

కొట్టేశాడు. “ఇంకా?”

అవతల నుంచి హోరు వస్తోంది. వెళ్తోంది. మళ్లీ వస్తోంది.

“ఇదిగో. వినబడుతోందా? ఏమైంది?”

“ఏం కాలేదు” అందావిడ. “నీళ్ల దగ్గరికొచ్చాను.”

“ఎట్లా ఉంది? రాసుకుంటాను, చెప్పు.”

“ఇది రాయకండి. ఇది నాది.”

ఆయన కలం బల్ల మీద పెట్టేశాడు. ఎదురుగా కూర్చున్నావిడ ఓపిక పట్టలేక ముందుకు వంగింది. “మీరు చెప్పండి సార్. సముద్రం ఎట్లా ఉంటుంది?”

ఇరవై మూడేళ్ల వాక్యాలన్నీ ఒక్కసారి గొంతులోకి తోసుకొచ్చాయి. ఆయన వాటిని మింగాడు.

“నేను చూళ్లేదమ్మా. మా ఆవిడ ఇప్పుడు చూస్తోంది” అని, స్పీకరు నొక్కి ఫోను వాళ్ల మధ్య పెట్టాడు.

ఆ ఇద్దరూ తలలు వంచి విన్నారు. అందులో మాట ఒక్కటీ లేదు. రెండు నిమిషాలయ్యాక, కొండకు పోదామన్న మొగుడే తలెత్తాడు.

“రెండు సీట్లు రాయండి” అన్నాడు.

ఆయన గబగబా రాసుకున్నాడు.